ఎర్రపెట్టె క్లచ్చు

1990 ఆగస్టు ఇరవై ఐదో తేదీ శనివారం ఉదయం కువైట్‌లోని అర్దియాలో, సగం దించిన షట్టరు వెనక, ఒక చారిత్రక సంఘం ఆవిర్భవించింది. దాని పేరు క్లచ్చు ఎంపిక సంఘం. ఇరాకీ సైన్యం దేశాన్ని ఆక్రమించుకుని అప్పటికి మూడు వారాలు దాటింది. రొట్టెకు వరుస, నీళ్లకు వరుస, పెట్రోలుకు వరుస. ఏ వరుసలోనూ నిలబడకుండా మనవాళ్లు సమకూర్చుకోగలిగింది సంఘం ఒక్కటే కనుక, ముందుగా దాన్ని సమకూర్చుకున్నారు.

అధ్యక్షులు వెంకటసత్యనారాయణ గారిది గోదావరి జిల్లా, సిమెంటు కంపెనీలో గుమాస్తా. కార్యదర్శి నాగేంద్రప్రసాద్‌ది రాజంపేట, అదే కంపెనీ మేనేజరు గారి కారు డ్రైవరు. ఆ కంపెనీలోనే పనిచేసే ఇద్దరు బావాబావమరుదుల్లో ఎవరూ మామూలు సభ్యుడిగా ఉండటానికి ఒప్పుకోనందున ఇద్దరూ ఉపాధ్యక్షులయ్యారు. సభ్యుడంటూ ఒకడు ఉండాలి కాబట్టి మెకానిక్ గంగులయ్యను తీసుకున్నారు. క్లచ్చు అంటే ఏమిటో అక్కడ ఆయనొక్కడికే తెలుసు. ఆ లోపాన్ని సంఘం పెద్దమనసుతో మన్నించింది.

గంగులయ్యది రాయచోటి పక్క పల్లె. పదకొండేళ్లుగా ఆ షెడ్డులోనే పని. షెడ్డు యజమాని, అంటే ఆయన కఫీల్, వేసవికి కుటుంబంతో లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. కఫీల్ కొడుకు తన జపాన్ కారుకు కొత్త క్లచ్చు వేయమని షెడ్డులో వదిలి వెళ్లాడు. సైనికులు వచ్చి షెడ్డులో కదిలే బండ్లన్నీ తోలుకుపోయారు. ఈ కారుకు గేర్‌బాక్సు దించేసి ఉంది, కదలదు. అందుకే మిగిలింది. ఐదు రోజుల కిందటి దాకా దాని మొహం చూడని నలుగురు పెద్దలకు అది ఇప్పుడు బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేర్చే పుష్పక విమానం.

గంగులయ్యకు విమానాలతో పని లేదు. ఆయనకు కావలసింది ఒకటే, భార్య గురమ్మను ఈ దేశం దాటించడం. ఆమె ఫహాహీల్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, సెలవులకు వెళ్తూ ఇంటి తాళాలు చేతిలో పెట్టి, మొక్కలకు నీళ్లు పోయమంది. యుద్ధం వచ్చాక కూడా గురమ్మ పది రోజులు పోసింది. పక్కింట్లో సైనికులు దిగాక గంగులయ్య ఆమెను తీసుకొచ్చి, ఫర్వానియాలో కిరాణా కొట్టు నడిపే రాయచోటి మిత్రుడు ఖాజా హుస్సేన్ ఇంట్లో ఉంచాడు. అప్పటి నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు. కారు సిద్ధం చేస్తే భార్యాభర్తలిద్దరికీ చోటిస్తామని సంఘం మాట ఇచ్చింది.

ఇక అసలు విషయం. షెడ్డులో రెండు రకాల సరంజామా ఉంది. ఒకటి, కఫీల్ కొడుకు మోజుపడి తెప్పించుకున్న ఎర్రపెట్టె. అందులో రాగిరంగు బిళ్లలు బిగించిన క్లచ్ ప్లేటు, ఒక చేత్తో ఎత్తగలిగే తేలికపాటి ఫ్లైవీలు, అంటే క్లచ్చు ఆనుకునే ఇంజను చక్రం. రెండోది అట్టరంగు పెట్టెలో మామూలు క్లచ్ ప్లేటు. దానికి తోడు కారుతో వచ్చిన బరువైన పాత ఫ్లైవీలు. దాన్ని గంగులయ్య ముందుగానే నునుపు చేయించి ఉంచాడు.

“సార్, ఎర్రపెట్టెది రేసుల కోసం చేసింది,” అని గంగులయ్య విన్నవించుకున్నాడు. “పట్టుకుంటే ఒక్కసారే పట్టుకుంటాది, మెల్లగా పట్టుకునేది దానికి తెలీదు. ఫ్లైవీలు బరువుగా ఉంటేనే ఇంజను ఆగకుండా తిరుగుతాది. మనం పొయ్యే దోవలో అడుగడుక్కీ చెక్‌పోస్టే. ఆగల్ల, మళ్లా కదలల్ల. మామూలుది ఏస్తే మెత్తగా పోతాది.”

అధ్యక్షుల వారు లేచి నిలబడ్డారు. షట్టరు తలకు తగలడంతో కొంచెం వంగి ప్రసంగించారు.

“మిత్రులారా! మనం పెళ్లికి వెళ్లడం లేదండీ. పారిపోతున్నాం. పారిపోవడం అంటే ఏవిటి? పరుగు. పరుగంటే ఏవిటి? రేసు. రేసుకి రేసు క్లచ్చు కాక మరోటి వేస్తామా అండీ?”

చప్పట్లు బయటికి వినిపించకుండా తొడల మీద చరుచుకున్నారు. మొదటి ఉపాధ్యక్షుడు ఎర్రపెట్టెలో ఇరవై నాలుగు పేజీల పుస్తకం ఉందనీ, అట్టపెట్టెలో కాగితం ముక్కయినా లేదనీ ఎత్తి చూపాడు. రెండో ఉపాధ్యక్షుడు ఎర్రపెట్టె మీద ఒక దొర నవ్వుతున్నాడనీ, దొరలు ఊరికే నవ్వరనీ అన్నాడు. నాగేంద్రప్రసాద్ తన ఆరేళ్ల అనుభవాన్ని సభ ముందుంచాడు. మేనేజరు గారి కారుకు గేర్లు వాటంతటవే పడతాయి, క్లచ్చే లేదు. ఆరేళ్లలో ఒక్క క్లచ్చు కూడా పాడుచేయని డ్రైవరుగా ఆయన మాటకు ప్రత్యేక విలువ లభించింది.

నాలుగు ఓట్లు ఎర్రపెట్టెకు, ఒకటి అట్టపెట్టెకు పడ్డాయి. గంగులయ్య మాటను ‘సాంకేతిక సందేహం’గా నమోదు చేసి, ఆయన సేవానిరతిని కొనియాడారు. ఎవరికీ చెప్పకుండా మామూలుదే బిగిద్దామని గంగులయ్య అనుకోకపోలేదు. అయితే అట్టపెట్టెను, పాత ఫ్లైవీలును అధ్యక్షుల వారు అప్పటికే తమ గదికి తరలించి, టీవీ కింద ఎత్తుకు పెట్టుకున్నారు.

మూడు రోజులు గంగులయ్య కారు కింద పడుకుని పనిచేశాడు. నలుగురు పెద్దలు స్టూళ్ల మీద కూర్చుని పర్యవేక్షించారు.

ప్రయాణం రోజు ఉదయం ఖాజా హుస్సేన్ గురమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చేతిలో ఒక మూట, కొంగున మామా ఇంటి తాళాలు. అప్పటికే కారు వెనక సీట్లో ఇద్దరు ఉపాధ్యక్షులు, వాళ్ల మధ్య దుప్పటి కప్పుకుని అధ్యక్షుల వారి టీవీ ఆసీనులై ఉన్నారు. కార్యదర్శి తీర్మానం చదివాడు. స్థలాభావం వల్ల గంగులయ్యను రెండో విడతలో తీసుకెళ్తారు. భార్యాభర్తలను విడదీయడం మన సంస్కృతి కాదు గనుక, గురమ్మ కూడా ఆయనతోపాటే రెండో విడతలో వస్తుంది. రెండో విడతకు కారు ఎక్కడిదని ఎవరూ అడగలేదు, తీర్మానాల్లో అలాంటి వివరాలు ఉండవు.

“గంగులన్నా,” అన్నాడు ఖాజా హుస్సేన్, “మనల్నయితే దారంతా ఇఖామా పర్మిట్టు చూపించమంటారు. టీవీకి ఇఖామా ఉండాదా, అడిగినావా?”

గంగులయ్య కారు వైపు ఒక అడుగు వేశాడు. గురమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “పోనీలేయ్యా, అడుక్కోవద్దు. ఇంటికి పోదాం పా.” ఇల్లంటే ఏ ఇల్లో ఆమెకూ తెలియదు.

నాగేంద్రప్రసాద్ తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. అధ్యక్షుల వారు చిరునవ్వు నవ్వారు. కార్యదర్శి ఎడమకాలు ఎత్తగానే కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. అధ్యక్షుల వారి నుదురు అద్దానికి తగిలింది. రెండోసారి గెంతినప్పుడు టీవీ మొదటి ఉపాధ్యక్షుడి ఒళ్లోకి వచ్చింది. మూడోసారి రెండో ఉపాధ్యక్షుడి ఒళ్లోకి వెళ్లింది. ఆరోసారికి కారు షెడ్డు దాటి రోడ్డు మీద అడ్డంగా నిలిచింది. వీధి చివర కాపలా ఉన్న ఇద్దరు సైనికులు అటు తిరిగి చూశారు. కదిలే బండి మీద వాళ్లకున్న మక్కువ అందరికీ తెలిసిందే.

“క్లచ్చులో శక్తి ఎక్కువైందండీ, అంతే,” అన్నారు అధ్యక్షుల వారు నుదురు తడుముకుంటూ. “గంగులయ్యా, ఏదోటి చెయ్యవయ్యా!”

గంగులయ్య కిటికీ దగ్గరికి వెళ్లాడు. పదకొండేళ్లలో ఆయన ఎవరికీ షరతు పెట్టి ఎరగడు.

“నా కాలికయితే లొంగుతాది సార్. నేను తోల్తా. గురమ్మ లోపల కూచోవల్ల. టీవీ దిగల్ల.”

అత్యవసర సమావేశం కారులోంచి దిగకుండానే జరిగింది. సైనికులు సగం దూరం వచ్చేశారు. తీర్మానం నిమిషంలో ఆమోదం పొందింది. సంఘం చరిత్రలో ఇంత త్వరగా తేలిన విషయం మరొకటి లేదు. టీవీని ఖాజా హుస్సేన్ చేతుల్లో పెట్టారు. తన చెల్లెలు ఆస్పత్రిలో ఉన్నందున ఆయన ఎటూ ఆగిపోతున్నాడు. నాగేంద్రప్రసాద్ వెనక్కి జరిగాడు, గురమ్మ ఆయన పక్కన ఇరుక్కుంది. గంగులయ్య ఇంజనును బాగా లేపి, ఎడమకాలు వెంట్రుకవాసి వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదిలాడు. కారు ఒక్క వణుకు వణికి కదిలింది. “యల్లా, గంగులన్నా!” అని ఖాజా హుస్సేన్ టీవీని ఎత్తుకునే కేక వేశాడు.

దారిలో నలభై ఒక్క చెక్‌పోస్టులు వచ్చాయి. ప్రతిచోటా మైలు పొడవున బండ్ల బారు. పెడలు తొక్కాలంటే గోడను తోసినట్టే ఉంది. బస్రా చేరేసరికి గంగులయ్య పిక్క బిగుసుకుపోయింది, బాగ్దాద్ దాటేసరికి మోకాలు వాచింది. కారు ఆగిన ప్రతిచోటా గురమ్మ దిగి వచ్చి ఆ కాలు పిసికేది. కారు గెంతిన ప్రతిసారీ అధ్యక్షుల వారు “చూశారా దాని ఊపు!” అని మెచ్చుకునేవారు. సరిహద్దుకు రెండు ఫర్లాంగుల దూరంలో క్లచ్చు పొగ కక్కి ప్రాణం విడిచింది. పని పూర్తయ్యాకే పోయిందనీ, అంత విధేయత మనుషుల్లో కూడా చూడలేదనీ అధ్యక్షుల వారు కన్నీళ్లు పెట్టుకున్నారు.

అమ్మాన్‌లో విమానం ఎక్కాక గురమ్మ బెల్టు పెట్టుకోవడం తెలియక రెండు చేతులతో సీటును గట్టిగా పట్టుకుని కూర్చుంది. అది చూసి గంగులయ్యకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు, దాచుకోలేదు.

అక్టోబరులో రాజంపేటలో సన్మానసభ జరిగింది. ఎర్రపెట్టెను ఎంపిక చేసిన దూరదృష్టికి అధ్యక్షుల వారిని పిలిపించి శాలువా కప్పారు. ఆ క్లచ్చే లేకపోతే ఆరుగురి ప్రాణాలు దక్కేవి కావన్నారు. అందులో అబద్ధం కూడా లేదు, మెత్తగా కదిలే క్లచ్చయితే ఇద్దరు షెడ్డు ముందే మిగిలిపోయేవారు. గంగులయ్యను ‘మన డ్రైవరు’ అని పరిచయం చేశారు. ఆయన ఒంటికాలి మీద బరువు ఆన్చి లేచి నమస్కారం పెట్టాడు.

తర్వాత ఆయన బస్టాండు రోడ్డులో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. మొదట వచ్చిన టాక్సీ యజమాని, కువైట్ దాటించిన ఎర్రపెట్టె క్లచ్చు ఉందా అని అడిగాడు. ఊళ్లో తిరిగే బండికి మామూలుదే మంచిదని గంగులయ్య ఓపిగ్గా చెప్పాడు.

“నువ్వు డ్రైవరువి, నీకేం తెలుస్తాదప్పా? దాన్ని ఏరినోళ్లు పెద్దోళ్లు,” అని ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలో ఇంకో నలుగురు అలాగే వెళ్లిపోయారు.

ఐదో మనిషి వెళ్లాక గురమ్మ ఒక డబ్బా ఎర్రరంగు తెమ్మంది. మామూలు క్లచ్చుల అట్టపెట్టెలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఆ నెల నుంచి షెడ్డులో తీరిక లేదు. ఎవరి బండీ గెంతడం లేదు, ఎవరి కాలూ వాచడం లేదు. అందరూ ఎర్రపెట్టె మహిమ అంటున్నారు.

మొన్న మీరూ వచ్చారు. గంగులయ్య ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఎర్రపెట్టె మీద వేలు ఆనించి, అదే వేయమన్నారు. బండి మెత్తగా పోతోంది కదా? ఒకసారి ఆ వేలు చూసుకోండి. గురమ్మ ఆ పూటే పూసింది, రంగు అప్పటికింకా ఆరలేదు.