హార్డ్ డిస్కు అపహరణ కేసు

“లోకంలో తలకాయలు రెండే రకాలు అమ్మాయ్! దువ్వుకోవడానికి పనికొచ్చేవి, దొంగల్ని పట్టుకోవడానికి పనికొచ్చేవి. ఇది రెండో రకం!” అని ప్రకటించి, భూతద్దం బావ తన నున్నటి నెత్తిని వేలితో రెండుసార్లు కొట్టి చూపించాడు.

మొదటి రకం కాదన్నది కనబడుతూనే ఉంది కాబట్టి మరదలు వాదించలేదు.

“సరే బావగారూ, కాస్త పక్కకి జరగండి. పన్నెండులోపు పజిల్ పంపకపోతే నా కొంప మునుగుతుంది.”

పదకొండేళ్ళుగా ఆమె ఒక వారపత్రికకి గళ్ళ నుడికట్టు తయారుచేస్తోంది. ఆ ఒక్క పేజీ అంటే ఆమెకి ప్రాణం. కొత్త ఎడిటరుకేమో మాటలకంటే అంకెలు ముద్దు. ఈసారి ఆలస్యమైతే పేజీని అంకెల పజిలుకి ఇచ్చేస్తానని మొన్ననే తేల్చి చెప్పాడు. పూర్తయిన నుడికట్టు పాత కంప్యూటర్లో ఉంది. దానికో దురలవాటు. రోజూ పొద్దున్నే “హార్డ్ డిస్కు కనబడలేదు” అని ఒక ముక్క చూపించి మొరాయిస్తుంది. ఆమె డబ్బా కుడిపక్కన అరచేత్తో ఒక్కటిచ్చి మళ్ళీ ఆన్ చేస్తే బుద్ధిగా పనిచేస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే తంతు.

ఇవాళ ఆమె చెయ్యి ఎత్తేసరికి, పేపరు కోసం పై వాటా నుంచి దిగివచ్చిన బావ తెరమీది ముక్క చదివేశాడు.

“ఆగు! ముట్టుకోకు! కనబడలేదంటే ఏమిటర్థం? ఎవడో ఎత్తుకుపోయాడు!”

ఆయన కిందటి కేసు వీధి వీధంతటికీ గుర్తే. పోయిన గొడుగు కోసం ఎదురింటాయన్ని మూడు రోజులు వానలో వెంబడించాడు, ఆ గొడుగే వేసుకుని.

“ఒక్క దెబ్బ వేస్తే చాలు బావగారూ...”

“వేలిముద్రలు చెరిగిపోతాయి!”

మరదలి పౌడరు డబ్బా సగం కంప్యూటరు మీద ఖాళీ అయింది. కుడిపక్కన అయిదు వేళ్ళతో సహా నిండు అరచెయ్యి తేలింది.

“దొరికింది! కర్కోటకుడి హస్తం!”

“అది నాదండీ. రోజూ కొడతానుగా.”

“అంటే నేరం ఒప్పుకుంటున్నావన్నమాట!”

“నా కంప్యూటరు నేనెందుకు దొంగిలిస్తానండీ!”

“అందరూ ఇలాగే అంటారు,” అని బావ ఎడమపక్క మరలు విప్పి రేకు లాగేశాడు. నాలుగేళ్ళలో ఆ రేకు తియ్యడం ఇదే మొదటిసారి. మరదలు తొంగిచూసింది.

“అదుగోండి డిస్కు! ఎక్కడికీ పోలేదు.”

“అక్కడే పొరబడ్డావు. అది డూప్లికేటు! మనల్ని మభ్యపెట్టడానికి కూర్చోబెట్టారు. దాన్ని కట్టేసిన ఈ బూడిదరంగు పట్టీ చూడు!”

“అది కేబులు బావగారూ.”

“అలా అనుకోవాలనే వాళ్ళ పన్నాగం.”

పదకొండూ నలభైకి ఫోను మోగింది. ఎడిటరు. ఆమె అందుకునేలోపే బావ లాక్కున్నాడు.

“నిన్న సాయంత్రం ఆరుకీ ఏడుకీ మధ్య తమరెక్కడున్నారు?”

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. “తడబడ్డాడు,” అన్నాడు బావ సంతృప్తిగా.

మరదలికి ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పదకొండేళ్ళ పేజీ ఈ మహానుభావుడి పుణ్యమా అని గంగలో కలిసిపోతోంది. ఆ గోల విని అక్క కిందికి వచ్చింది.

“ఏమైందే? ఏం చేస్తున్నారాయన?”

బావ గిర్రున తిరిగి భార్యకేసి భూతద్దం గురిపెట్టాడు. “దోషి తనంతట తానే వచ్చింది! పోయినవారం నిలువు ఏడు తెలియలేదని పత్రిక విసిరికొట్టింది ఎవరు?”

“మీరే!” అంది అక్క.

“అబద్ధం! కదలకు!” అని బావ ముందుకు దూకాడు. కాలు కరెంటు తీగలో చిక్కుకుంది. ప్లగ్గు ఊడింది. ఆ రెండో రకం తలకాయ పోయిపోయి డబ్బా కుడిపక్కన, సరిగ్గా పౌడరు అరచెయ్యి నడిమధ్యన తగిలింది. ఠంగుమంది.

అక్క మొగుణ్ణి లేపింది. మరదలు ప్లగ్గు పెట్టి ఆన్ చేసింది. కంప్యూటరు కిక్కురుమనకుండా తెరుచుకుంది! ఆమె గబగబా పజిల్ పంపింది. పదకొండూ యాభై ఆరు. నిమిషంలో జవాబు వచ్చింది: “అందింది. ఇక ఫోను మీరే ఎత్తండి.”

అప్పుడు నిదానంగా డబ్బాలోకి చూసింది. డిస్కు దగ్గర కేబులు ఒక మూల పైకి లేచి ఉంది. ఇన్నాళ్ళూ దెబ్బ తగిలినప్పుడల్లా అది కాస్త లోపలికి దిగేదన్నమాట. కంప్యూటరు ఆపి, బొటనవేలితో నొక్కితే గట్టిగా కూర్చుంది. నాలుగేళ్ళు చెయ్యి వాచేలా కొట్టిన తన తెలివికి కూడా ఆమె సిగ్గుపడింది.

“చెప్పానా? కేసు తేల్చింది ఈ తలకాయే!” అన్నాడు బావ బొప్పి తడుముకుంటూ.

“అవునండీ. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి,” అంది అక్క.

తరవాతి వారం పత్రికలో అడ్డం ఒకటికి ఆధారం ఇలా ఉంది: “గట్టిగా తగిలితే తప్ప పనిచెయ్యనిది. నాలుగక్షరాలు.” బావ గంటసేపు తల గోక్కుని, పక్కన పెట్టేశాడు. మర్నాడు చూస్తే ఆ గళ్ళలో ఎవరో “తలకాయ” అని నింపేశారు.

ఆ చేతిరాత ఎవరిదా అని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క భార్యని వదిలేసి, ఆయన వీధంతా పరిశోధిస్తున్నాడు.