ఎనభై ఎనిమిది అంతస్తుల నీడ

భవనానికి అనుమతి వచ్చిన రోజే దాని నీడ నేలమీద పడటం ఆ నగరంలో మామూలే. కట్టడం తర్వాతి సంగతి. గగనవైభవ్ అనే ఎనభై ఎనిమిది అంతస్తుల టవరు ఫైలు మీద సోమవారం పొద్దున సంతకం పడింది. పదకొండు గంటలకల్లా దాని నీడ వచ్చి కిష్టమ్మ బట్టలుతికే దోభీఘాటు మీద నిండుగా పరుచుకుంది.

ఆమె ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు మూడు రోజులైనా ఆరలేదు. కంపు కొడుతున్నాయని ఆసుపత్రివాళ్లు తిప్పి పంపారు. మళ్లీ ఇలాగైతే పని వేరేవాళ్లకిస్తామన్నారు. ముప్పై ఏళ్లుగా ఆ దుప్పట్ల మీద బతుకుతున్న మనిషి! తలెత్తి చూస్తే పైన అడ్డమేమీ లేదు, నిగనిగలాడే ఉత్త ఆకాశం. కిష్టమ్మకు ఒళ్లు మండిపోయి, అనుమతులిచ్చే ఆఫీసుకు పోయింది.

నీడల విభాగం అధికారి రాఘవేందర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఫైలు తెప్పించి, కొలతలు చదివి వినిపించాడు. నీడ సక్రమమేనట, అంగుళం కూడా ఎక్కువ పడలేదట. ఇంకా కట్టనేలేదు కదా అని ఆమె అడిగితే గోడమీది బొమ్మ చూపించాడు. అందులో మేడలున్నాయి, మేడల నడుమ మబ్బులున్నాయి, కింద పచ్చగడ్డిలో కుక్కను తిప్పుతున్న దొరసాని ఉంది. దోభీఘాటు ఉండాల్సిన చోట ఫౌంటెను ఉంది.

“ఎండ మాది గాదా సారూ?” అంది కిష్టమ్మ.

ఎండకు తమ దగ్గర రిజిస్టరు లేదని, నీడకే ఉందని ఆయన చెప్పాడు.

ఆర్నెల్లలో దుప్పట్ల పని పోయింది. ఏడాది తిరిగేసరికి కంపెనీవాళ్లు టవరు కట్టడం మానుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా అదే బొమ్మ చంకన పెట్టుకుని ఇంకో ఊరు పోయారు. నీడ మాత్రం ఉన్నచోటే ఉంది. కిష్టమ్మ మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. నీడ తీయాలంటే భవనం కూల్చాలి, కట్టనిదాన్ని కూల్చడానికి రూల్సు ఒప్పుకోవు అన్నాడు రాఘవేందర్.

“మరి నన్నేం జెయ్యమంటరు?”

“ముందు కట్టమని అర్జీ పెట్టు అమ్మా. కట్టినంక కూల్చమని ఇంకోటి పెడుదువు.”

ఆయన్నీ, ఆయన ఫైళ్లనీ, ఆ దొరసాని కుక్కనీ కలిపి కడుపారా తిట్టింది కిష్టమ్మ. తిట్టి, అర్జీ మీద వేలిముద్ర వేసింది.

ఇప్పుడు ప్రతి సోమవారం దోభీఘాటు జనమంతా ఆ ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుంటారు, గగనవైభవ్ వెంటనే కట్టాలని. అభివృద్ధి కోసం పేదల ఆరాటం అని ఒక పేపరు వాళ్ల ఫోటో వేసింది. ఫోటోలో ఎవరి ముఖమూ సరిగా కనపడదు. ఫోటో తీసిన పొద్దునే ఆ ఆఫీసులో ఇంకో టవరుకు సంతకం అయింది.