పోయిందెవరో అడగకూడదు

శనివారం పదకొండింటికి చర్చి గేటు దగ్గర మొదలుపెట్టి, పన్నెండున్నరకు పడమటి కోటద్వారం దగ్గర ముగించాలన్నది మలాకీ మాస్టారి ఏర్పాటు. క్లోన్‌బారా ఊరి పాత చరిత్ర చెబుతూ జనాన్ని ఊళ్లో నడిపించే ఈ పని పదకొండేళ్లు ఆయన భార్య డింఫ్నా చేసింది. జనవరిలో ఆమె పోయింది. ఆమె లేకుండా ఇదే మొదటి నడక.

చివరిది కూడా కావచ్చు. నడకకు ఇరవై మందైనా రాకపోతే ఆ ద్వారాన్ని ఇటుకలతో మూసేస్తామని కౌన్సిల్ ఉత్తరం రాసింది. చూసి వెళ్లడానికి ఈరోజే ఒక అధికారిణి వస్తోంది.

వచ్చినవాళ్లు నలుగురు. ఒక డచ్ జంట, మాస్టారి చెల్లెలు అట్రాక్టా, ఆవిడ లాక్కొచ్చిన పొరుగింటామె.

"ఆ నల్లకోటేమిటి మలాకీ? శవపేటిక మోయడానికొచ్చినట్టున్నావు," అంది అట్రాక్టా.

"వాన ఆపే కోటు ఇదొక్కటే ఉంది."

వానకు తలలు వంచుకుని, నల్ల గొడుగుల కింద బయలుదేరారు. డచ్ పెద్దాయనకు మోకాలి నొప్పి కావడంతో అందరూ ఆయన అడుగులోనే అడుగు వేశారు. సరిగ్గా అప్పుడే ఒక పొడవాటి నల్ల కారు వాళ్ల ముందుకు వచ్చి, ఆ ఇరుకు వీధిలో నత్తలా పాకసాగింది. నడుపుతున్నది కౌన్సిల్ అధికారిణి గెరటీ. బండి నిలిపే చోటు కోసం వెతుక్కుంటోంది. ఆమెకు ఊరు తెలియదు, వీళ్లకు ఆమె తెలియదు.

మాంసం కొట్టు ఫిన్‌టన్ అద్దంలోంచి చూశాడు. చర్చి గేటు, నల్ల కారు, వెనకాల తలలు దించుకున్న మనుషులు. కత్తి పక్కన పెట్టి, షట్టర్ సగం దించి, టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని వెనకాల చేరాడు. శవం వెళుతుంటే కొట్టు మూసి కాస్త దూరం వెంట నడవడం ఆ ఊరి మర్యాద. పోయిందెవరో తెలియకపోవడం మాత్రం సిగ్గుచేటు. అందుకని ఎవరూ అడగరు.

మందుల షాపు మూతపడింది. బ్రెడ్ కొట్టు బ్రీజ్ చేతుల పిండి దులుపుకుని వచ్చేసింది.

"ఆఖర్లో బాధ పడలేదటగా?" అంది ఫిన్‌టన్‌తో.

"లేదట. నిద్రలోనే."

"అదృష్టం. ఎంత మంచి మనిషి!"

"మంచితనానికేం లోటు! ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు."

మాస్టారు ఒకసారి వెనక్కి తిరిగి నిలువునా కొయ్యబారిపోయాడు. అరవై మంది! చరిత్ర మీద ఈ ఊరికి ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది? గొంతు పెంచాడు.

"మహామారి వచ్చిన ఏడాది శవాలను ఈ సంతవీధిలోనే బండికెత్తారు. గోతికి ముప్ఫై మంది చొప్పున విసిరేశారు. పేర్లు కూడా రాయలేదు."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇవాళ అనాల్సిన మాటేనా ఇది?" అంది బ్రీజ్.

"భార్య పోయిన మనిషమ్మా. ఊరుకో," అన్నాడు ఫిన్‌టన్.

అంతలో ఫాదర్ కోల్మన్ ఫలహారం మధ్యలోంచి లేచి, మెడకు కట్టుకున్న తుండుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"నాకు చెప్పకుండా నా చర్చిలోంచి శవాన్ని తీసుకుపోతారా! ఎవరది?"

"అయ్యో ఫాదర్, మీకే తెలియదా?" బ్రీజ్ నోటి మీద చేయి వేసుకుంది.

ఆయన ముఖం పాలిపోయింది. "తెలియకేం," అని నోట్లో గుడ్డుముక్క మింగి ప్రార్థన అందుకున్నాడు.

దారి పొడవునా జనం పెరుగుతూనే వచ్చారు. కోటద్వారం దగ్గర కారు ఆగింది. గెరటీ దిగి వెనక తలుపు తెరిచింది. మోయడానికి ఆరుగురు మగవాళ్లు భుజాలు సరిచేసుకుని ముందుకొచ్చారు. లోపల ఒక జత రబ్బరు బూట్లు, ఒక అరటిపండు ఉన్నాయి.

"శవమేదీ?" ఫిన్‌టన్ గొంతు కీచుమంది.

"ఏ శవం?" గెరటీ ఒక అడుగు వెనక్కి వేసి కారుకు ఆనుకుంది. "నేను కౌన్సిల్ నుంచి వచ్చాను. నడక చూడ్డానికి."

మాస్టారికి అంతా అర్థమైంది. నోరు మూసుకుంటే ద్వారం దక్కుతుంది. కాని నలభై ఏళ్లు పిల్లలకు నిజం చెప్పమని నేర్పిన నోరు అది.

"పొరపాటు జరిగిందమ్మా. మీ కారు చూసి శవయాత్ర అనుకుని వచ్చారు వీళ్లంతా. నడకకు వచ్చింది నలుగురే."

అట్రాక్టా కళ్లు మూసుకుంది. గెరటీ జనం వైపు తిరిగింది. "నిజమేనా?"

నిజమంటే, ఎవరి వెనకాల నడిచారో తెలియదని ఊరంతా ఒప్పుకోవాలి.

"శవయాత్రా? ఎవరిది?" అన్నాడు ఫిన్‌టన్. "నేను చరిత్ర కోసం వచ్చాను."

"నేనూ అంతే. ఆ మహామారి మాట వినేసరికి కడుపు తరుక్కుపోయింది," అంది బ్రీజ్.

"మరి ఫాదర్, మీ ప్రార్థన?" అంది గెరటీ.

"గోతిలో పడ్డ ఆ ముప్ఫై మందికి," అన్నాడు ఆయన రెప్ప వేయకుండా. "ఆలస్యమైంది నిజమే."

గెరటీ తలలు లెక్కపెట్టి, నూట తొంభై దగ్గర విసుగొచ్చి ఆపేసింది.

ఫిన్‌టన్ వచ్చి మాస్టారి చేయి పట్టుకున్నాడు. "డింఫ్నాను సాగనంపడానికి రాలేకపోయాం మాస్టారూ. ఆ రోజు నది పొంగి రోడ్డు మీద నడుములోతు నీళ్లు," అన్నాడు మెల్లగా. అతని వెనక బ్రీజ్ నిలబడింది. ఆమె వెనక మిగతావాళ్లు. ఒక్కొక్కరే వచ్చి, చేయి కలిపి, డింఫ్నా పేరు పలికి, కళ్లు తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నారు. కారు దగ్గర నిలబడ్డ గెరటీకి వాళ్ల మాటలు వినపడలేదు.

ద్వారం మూయనక్కరలేదని కౌన్సిల్‌కు నివేదిక పంపుతూ గెరటీ చివర ఒక వాక్యం చేర్చింది: "ఏడు వందల ఏళ్ల నాటి సంగతులు చెబితే గైడు చేయి పట్టుకుని ఏడ్చే జనాన్ని నేను ఈ ఒక్క ఊళ్లోనే చూశాను."