ఐదున్నర శ్రుతి అమ్మాయి

ఈ జూన్ నుంచి సంగీత పాఠశాలలో పిల్లలు పొద్దున్న రాగానే తమ గొంతులు తీసి ట్యాబ్‌లో పెడుతున్నారు, సాయంత్రం గంట కొట్టాక తీసుకుని ఇంటికి పోతున్నారు. సరళీ స్వరాలంటే పిల్లలకు విసుగని ఏదో సర్వే తేల్చడంతో ఈ పద్ధతి వచ్చింది. సాధన గొంతు చేస్తుంది. పిల్లలు తెర మీద ఎగిరే స్వరాలను వేలితో పట్టుకుంటారు. శ్రద్ధ నూటికి నూరు శాతం నమోదవుతోంది. పై అధికారులకు ఇంతకన్నా ఏం కావాలి?

ఎనిమిదో తరగతి హైమవతిది ఐదున్నర శ్రుతి. పాడేవాళ్లలో అర శ్రుతి మామూలే గాని, ట్యాబ్‌లోని యాప్‌లో శ్రుతి రాసే గడి సగాలను ఒప్పుకోదు. ఆరు కొడితే పిల్ల ఇబ్బంది పడుతుందని గుమాస్తా సత్తిరాజు ఐదు అని కొట్టాడు. సాయంత్రం ఆమెకు ఐదు శ్రుతి గొంతే చేతికొచ్చింది. ఎవరిదోగాని, బాగానే ఉంది. ఇంట్లో రెండేళ్ల చెల్లెలు మాత్రం ఆ గొంతు జోల పాడుతుంటే గుమ్మం వైపు చూస్తూ అక్క కావాలని ఏడ్చింది.

సంగీతం టీచరు కనకవల్లి కళ్లు మూసుకుని కూడా ఏ పిల్ల పాడుతోందో చెప్పగలదు. ఆమె జిల్లా ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాసింది. నలభై రోజులకు జవాబొచ్చింది. హైమ గొంతు వేరే ఊళ్లో క్షేమంగా ఉంది, మార్చుకోవచ్చు. అయితే మొన్నటి పరీక్షలో వచ్చిన మొదటి ర్యాంకు ఇప్పుడున్న గొంతుది కాబట్టి దానితోనే పోతుంది. తల్లీ, విద్యార్థినీ తమ నిర్ణయం జతచేసిన ఫారంలో రాసివ్వాలి.

హైమ తల్లి సూర్యకాంతం ఎక్కువ ఆలోచించలేదు.

“ర్యాంకు పోతాదంటన్నారు కదండీ. గొంతుకేముందండీ, పిల్ల సర్దుకుంటాది.”

కనకవల్లి హైమ వైపు తిరిగింది. “నువ్వు చెప్పమ్మా. నీ గొంతు నీకు కావాలా?”

హైమ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. ఆ తర్వాత స్పష్టంగా, ఎక్కడా జీర లేకుండా మాట వినిపించింది.

“వద్దండి. ఇలాగే బాగుందండి.”

టీచరు కళ్లు మూసుకుని ఆ మాట మరోసారి చెప్పించుకుంది. అన్నది పిల్లో, గొంతో ఆమెకు తేలలేదు. ఫారంలో అందుకు గడి కూడా లేదు. తల్లి సంతకం పెట్టింది. తర్వాత హైమ పెట్టింది. చేయి ఆమెదే కాబట్టి చెల్లుతుందని చెప్పి సత్తిరాజు ముద్ర వేశాడు.