ముక్కల చదువే ముద్దు

లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉంటేనే పిల్లలకు తప్పుల్లేని చదువు వస్తుంది! నవ్వకండి. నా దగ్గర సైన్సు ఉంది.

మన పేగుల్లో ఉండే బాక్టీరియా రెండుగా చీలే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకుంటుంది. డీఎన్ఏ అంటే రెండు పోగులు పేనిన తాడు లాంటిది. ఒక పోగుకు నకలు ఏకబిగిన సాగిపోతుంది. రెండోది ఎదురు దిక్కు పోగు గనక ముక్కలు ముక్కలుగా, ఆగుతూ ఆగుతూ నడుస్తుంది. తప్పులు ఎందులో ఎక్కువంటారు? ఆగి ఆగి చేసేదాంట్లోనే అనుకున్నారు కదూ! నేనూ అలాగే అనుకున్నాను. పరీక్షించి చూసినవాళ్లు మాత్రం ఏకబిగిన సాగే పోగులోనే ఎక్కువన్నారు.

రెండువేల మూడులో రిఫ్రెషర్ కోర్సుకు వెళ్లి ఈ సంగతి విన్నాక బోటనీ లెక్చరర్ దైవాధీనం గారి మనసు కుదుటపడింది. అంతకు ముందు ముక్కలు ముక్కలుగా చదువు చెబుతున్నానని ఆయన లోలోపల కుమిలిపోయేవారు. ఆయన ఒక్కరు, కాలేజీలు రెండు! సోమ, మంగళ, బుధ గుడివాడ వైపు. గురు, శుక్ర, శని దివిసీమ చివర. అక్కడి పోస్టు ఖాళీ అయి ఏళ్లు గడిచాయి.

పామర్రులో బస్సు మారి, చల్లపల్లి మీదుగా ఊగుతూ వెళ్లే మనిషికి ఎక్కడ ఏం చెప్పాడో ఏం గుర్తుంటుంది? బుధవారం ఎక్కడ ఆపారో గురువారం అక్కణ్ణుంచే అందుకునేవారు. ఆయన దృష్టిలో పాఠం ఒక్కటే, సక్రమంగానే సాగుతోంది. వినే పిల్లలే వేరు.

దీన్ని నష్టమంటారా? పట్నాల్లో ప్రైవేటు కాలేజీలు చూడండి. కోడి కూయకముందే మొదలైన క్లాసు ఇక ఆగదు. సారు ఒక్క తప్పు చెప్పాడా, హాస్టలు హాస్టలంతా దాన్ని బట్టీ పట్టేస్తుంది! మన సర్కారు కాలేజీల్లో ఆ భయమే లేదు. చెప్పని పాఠంలో తప్పెలా దొర్లుతుందండీ? దివిసీమ కాలేజీలో లెక్కలకు అసలు లెక్చరరే లేడు. ఆ సబ్జెక్టులో ఇంతవరకు ఎవరూ ఒక్క తప్పు చెప్పిన పాపాన పోలేదు!

అక్కడే చదివేది పార్వతి. నాగాయలంక అవతల చేపలవేటకు వెళ్లే అబ్బులు కూతురు. ఇంటరు పాసైతే నర్సింగుకు పంపిస్తానని, తప్పితే రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికేనని అబ్బులు ముందే చెప్పేశాడు. పరీక్షలో డీఎన్ఏ నకలు ఎలా తయారవుతుందో రాయమన్నారు. ముక్కలు తయారయ్యే వరకూ బొమ్మతో సహా రాసి పార్వతి పెన్ను మూసేసింది. రాసినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. జవాబులన్నీ ఇలాగే సగం సగం. బోటనీ పోయింది.

సెలవులయ్యాక మార్కుల మెమో కోసం వచ్చిన పిల్ల దైవాధీనం గారిని అడిగింది.

“సార్, ముక్కలుగా వస్తుందన్నారు. మరి ఆ ముక్కల్ని ఎవరు కలుపుతారండీ?”

“లైగేజ్ అని ఎంజైమ్ ఉంటుంది కదమ్మా! అతుకులేసేది అదే. చెప్పానుగా!”

“మాకు చెప్పలేదండీ.”

ఆయన గుర్తు తెచ్చుకున్నారు. ముక్కల దగ్గర ఆపింది శనివారం. అతుకుల సంగతి సోమవారం గుడివాడ వైపు పిల్లలు విన్నారు.

“మళ్లీ రాయి తల్లీ.”

“ఎవరి దగ్గర చదవనండీ? నాన్న షెడ్డులో మాట్లాడేశాడు. సోమవారం నుంచి రమ్మన్నారు.”

అయ్యా, ఇక్కడ నా సైన్సు కొంచెం తడబడింది. ముక్కలుగా చేస్తే తప్పులు తగ్గుతాయన్నది నిజమే. కానీ ఆ ముక్కల్ని అతికించేవాడి పోస్టు బాక్టీరియా ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచదు. ఉంచితే చస్తుంది. సర్కారుకు ఆ ఇబ్బంది లేదు. ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నా దానికేమీ కాదు.

సోమవారం దైవాధీనం గారు గుడివాడ వైపు కాలేజీలో కొత్త పాఠం మొదలుపెట్టే వేళకు, పార్వతి షెడ్డులో రొయ్యల తలలు తీస్తోంది.