డేగకన్నుకి పిట్ట పెట్టిన టోపీ

"ఈ ఊళ్ళో నేరం చేసి నా చూపు దాటిపోగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఆ సంగతి వాళ్ళమ్మ కంటే ముందు నాకే తెలుస్తుంది."

బావగారు ఈ మాట అన్నది వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, పేపరు దొంగ కోసం వలపన్నుతూ. అప్పటికే పేపరు వేసే మనిషినీ, పక్కింటాయన్నీ, పాలవాణ్ణీ విచారించడం అయిపోయింది. రేపట్నుంచి ఈ ఇంటికి పాలు పొయ్యనని పాలవాడు చెప్పేసి వెళ్ళిపోయాడు కూడా. అక్క కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఏమండీ, ఒక్కసారి లేవండి" అంది. ఆయన లేచాడు. పేపరు కుర్చీలోనే ఉంది, ఇస్త్రీ చేసినంత చదునుగా.

"చూశావా, భయపడి తెచ్చి పెట్టేశాడు" అన్నాడు బావగారు. "కేసు ముగిసింది."

మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్న బామ్మర్దికి నవ్వు రాలేదు. మొదట్లో వచ్చేది. ఒకే ఇంట్లో కింద తన ఫోటో స్టూడియో, పైన అక్కా బావల కాపురం. రోజూ చూసే సర్కసుకి ఎన్నాళ్ళని నవ్వుతాడు?

బావగారు తపాలా ఆఫీసులో చిరునామా దొరకని ఉత్తరాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన హయాంలో చిరునామా ఉన్న ఉత్తరాలు కూడా ఆ విభాగానికే చేరేవని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రిటైరైన మర్నాడే తనకి తను 'డేగకన్ను' అని పేరు పెట్టుకుని, కార్డులు అచ్చువేయించాడు. మోకాళ్ళు దాటే కోటూ, గంపంత టోపీ కొన్నాడు. సముద్రం పక్క ఊరు, మండుటెండలు, అయినా ఆ కోటు విప్పడు. డిటెక్టివు చెమట పట్టకుండా పనిచేస్తే జనం నమ్మరట.

బామ్మర్దికి ఉన్న పిచ్చి వేరు. అది పిట్టల పిచ్చి. సెలవురోజు వస్తే కెమెరా తగిలించుకుని సముద్రపొడ్డుకి పోతాడు. ఊళ్ళో అలాంటివాళ్ళు కొందరు కలిసి పిట్టల సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘంలో బావగారి పేరు డేగకన్ను కాదు, గుడ్డికొంగ. అదీ ఓ పిట్ట పేరే కాబట్టి తప్పుపట్టడానికి లేదు.

ఈ ఏడు ఆ సంఘానికి పెద్ద కష్టమే వచ్చిపడింది. ఒడ్డున ఉన్న ఇసుకతిన్నెని చదును చేసి బళ్ళు నిలిపే చోటుగా మారుద్దామని ఊరి పెద్దలు తీర్మానించారు. ఆ తిన్నె మీదే ఇసుకపిట్టలు గుడ్లు పెడతాయి. వాటికి గూడంటూ ఉండదు, ఇసుకలో అరచేయంత గుంట, అంతే. పిట్టంతా కలిపి పిడికిట్లో పట్టేస్తుంది. ఒక గుంటలో మూడు గుడ్లున్నాయని బామ్మర్దే మొదట కనిపెట్టాడు. అటవీశాఖ ఆఫీసరమ్మకి అర్జీ పెట్టుకుంటే ఆవిడ ముక్కుసూటిగా చెప్పేసింది. గుడ్లు పగిలి పిల్లలయ్యాయని తన కళ్ళతో చూస్తే తిన్నె చుట్టూ కంచె వేయిస్తుంది. చూడకపోతే సంతకం పెట్టి బళ్ళవాళ్ళకి ఇచ్చేస్తుంది.

నిన్న గుడ్లు పగిలాయి. ఆ రాత్రి బామ్మర్ది సంతోషంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇవాళ అతను కింద స్టూడియోలో ఒక పసివాడికి పాస్‌పోర్టు ఫోటో తీస్తుండగా, పైన తను మరిచిపోయిన ఫోను మోగింది. డేగకన్ను తీశాడు. అవతల పిట్టల సంఘం కార్యదర్శి, వృత్తికి పళ్ళ డాక్టరమ్మ. పేషెంటు నోట్లో మిషను పెట్టి మాట్లాడుతోంది కాబట్టి ముక్కలు ముక్కలుగా చెప్పింది. మూడు పిల్లలూ కనబడటం లేదు, తెల్లారి ఉన్నాయి, తల్లి ఒక్కటే పిచ్చిదానిలా తిరుగుతోంది, ఆఫీసరు ఇవాళే వస్తోంది, మీ బామ్మర్దిని వెంటనే తిన్నె దగ్గరికి పంపించండి.

"తల్లి ఆనవాళ్ళు చెప్పండి" అన్నాడు డేగకన్ను గొంతు తగ్గించి.

ఇన్నాళ్ళకి ఈయనకి పిట్టల మీద ఆసక్తి పుట్టిందని డాక్టరమ్మ మురిసిపోయింది. వీపు బూడిద రంగు, ముందువైపు తెలుపు, మెడ చుట్టూ నల్ల పట్టీ, కాళ్ళు సన్నగా ఉంటాయని ఓపిగ్గా చెప్పి పెట్టేసింది.

డేగకన్ను మెట్లు దిగి స్టూడియోలోకి వచ్చాడు. అప్పుడే నవ్వబోతున్న పసివాడు ఆ కోటునీ టోపీనీ చూసి కెవ్వుమన్నాడు.

"ఒరేయ్, పిల్లల్ని ఎత్తుకుపోయారు. మూడు పిల్లలు. ఫోన్లో వెనకాల ఎవణ్ణో చిత్రహింస పెడుతున్నారు, మూలుగు నా చెవులతో విన్నాను."

"మూడు పిల్లలా, ముగ్గురు పిల్లలా బావా?"

"హత్యలు జరిగేచోట వ్యాకరణం ఏమిట్రా."

"అది కాదు బావా. 'ఉన్నారు' అన్నారా, 'ఉన్నాయి' అన్నారా?"

"ఉన్నాయి అంది. కంగారులో ఆడమనిషి, నోరు తడబడింది. నేను సర్దుకుని విన్నాను."

బామ్మర్దికి సంగతంతా అర్థమైపోయింది. తెలుగు వచ్చిన ఏ పసివాడికైనా తెలిసే తేడా అది. నేరమంతా ఒక్క క్రియాపదంలో బట్టబయలై ఉంటే, లోకంలో ఉన్న ఒకే ఒక్క డేగకన్ను దాన్ని తప్పుగా దిద్దుకుని విన్నాడు. అవి పిట్ట పిల్లలు బావా అని చెప్పేలోపు ఆయన వీధిలోకి దూకి ఆటో ఎక్కేశాడు. పసివాడి తండ్రికి క్షమాపణలు చెప్పి, స్టూడియోకి తాళం వేసి, బామ్మర్ది సైకిలు మీద బయల్దేరాడు. పిల్లలు పోయాయన్న బెంగ ఒకటైతే, ఆఫీసరు కంటే ముందు గుడ్డికొంగ అక్కడికి చేరుతోందన్న బెంగ రెండోది.

రెండోదే నిజమైంది. తిన్నె మొదట్లో తలకిందులుగా బోర్లించిన పాత పడవ పక్కన ఒకావిడ నిలబడి ఉంది. తెల్ల చొక్కా మీద బూడిద రంగు కోటు, మెడలో దుర్భిణి తాలూకు నల్ల పట్టీ, మనిషి సన్నగా గడకర్రలా. ఆవిడకి ఎదురుగా డేగకన్ను టోపీ గుండెలకి ఆనించుకుని తల వంచి ఉన్నాడు.

"ధైర్యంగా ఉండమ్మా. మీ పిల్లల్ని ప్రాణాలతో తెచ్చి మీ ఒళ్ళో పెట్టే పూచీ నాది."

"నాకు పిల్లల్లేరండీ."

"ఉండేవారు. తెల్లారిదాకా ఉన్నారు. మనసు రాయి చేసుకోండి. మీ ఆయన మీద ఏమన్నా అనుమానమా?"

"నాకు పెళ్ళి కాలేదు."

డేగకన్ను ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఆ రహస్యం తనతోనే సమాధి అయిపోతుందని మాటిచ్చాడు.

బామ్మర్దికి భూమి రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. అది చీలలేదు, అడుగున ఇసుక కదా. పరిగెత్తుకెళ్ళి, ఈవిడ అటవీశాఖ ఆఫీసరు అనీ, పోయినవి పిట్ట పిల్లలనీ చెప్పాడు. ఆఫీసరుకి చేతులు జోడించి, ఈయన మా అక్క మొగుడండీ అని కూడా చెప్పాల్సొచ్చింది. అతనికి అన్నిటికంటే కష్టమైన వాక్యం అదే.

ఇంకొకడైతే సిగ్గుతో ఇంటికిపోయేవాడు. డేగకన్ను టోపీ తలమీద పెట్టుకుని చిరునవ్వు నవ్వాడు. "నాకు ముందే తెలుసు. ఆవిణ్ణి పరీక్షించాను. నిర్దోషి."

ఆఫీసరు మొహం గంటు పెట్టుకుని గుంట దగ్గరికి నడిచింది. గుంట ఖాళీగా ఉంది. పెంకు ముక్కలు కూడా లేవు. చుట్టూ గవ్వలూ, ఎండిన నాచూ, ఒకదానికొకటి తేడా తెలియని గులకరాళ్ళూ. ఇక్కడ పిల్లలుండేవనడానికి సాక్ష్యమేమిటని ఆవిడ అడిగింది. నిన్నటి ఫోటోలు చూపించాడు బామ్మర్ది. ఫోటోల కోసం ఇంతదూరం రాలేదంది ఆవిడ.

ఈలోగా డేగకన్ను నేరస్థలాన్ని పరిశీలిస్తున్నాడు. ఆయన బూటు ఇసుకలో దిగబడినప్పుడల్లా బామ్మర్ది ప్రాణం గిలగిల్లాడింది. పిల్లలు బతికే ఉంటే ఏ రాయి చాటునో నక్కి ఉంటాయి. వాటి రంగు ఇసుక రంగు. అపాయం వస్తే తల్లి ఒక కూత వేస్తుంది, అవి ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి, ఇక కదలవు. "బావా, కాలు కదపకు" అని బతిమాలాడు. డేగకన్ను వంగి ఒక రాయి మీద తెల్లటి మరక చూశాడు. వేలితో గీరి, డిటెక్టివులు చేసేట్టే నాలిక చివర రాసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"సున్నం. కొంచెం చేప వాసన. నేరస్థుడు గోడలకి సున్నం వేసేవాడై ఉండాలి, లేదా చేపలవాడు."

అదేమిటో మిగతా ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ చెప్పలేదు.

అప్పుడొచ్చింది తల్లి పిట్ట. వాళ్ళకి నాలుగడుగుల దూరంలో వాలి, ఒక రెక్క విరిగినట్టు ఇసుక మీద ఈడ్చుకుంటూ, దీనంగా కూస్తూ పక్కకి ఒరిగిపోయింది. చూసినవాళ్ళ కడుపు తరుక్కుపోయేలా ఉంది. అదంతా నటన. శత్రువుని పిల్లల దగ్గర్నుంచి దూరం లాక్కుపోవడానికి ఆ జాతి పిట్టలు వేసే వేషం అది. నక్కలు కూడా ఒకటి రెండుసార్లు మోసపోయి తర్వాత తెలుసుకుంటాయి.

"బాధితురాలు" అని అరిచాడు డేగకన్ను. "ఒకే ఒక్క సాక్షి. దాన్ని పట్టుకుంటే మొత్తం ముఠా బయటపడుతుంది."

పరిగెత్తాడు. పరుగులో టోపీ ఎగిరి పడింది, ఆయన చూసుకోలేదు. చెయ్యి చాపేదాకా పిట్ట ఆగుతుంది, చాపగానే కుంటుతూ ముందుకి పోతుంది. కోటు రెపరెపలాడిస్తూ ఆయన దాని వెనకాలే పోయాడు. వలలు ఆరేసిన కర్రలు దాటాడు, నురగలోకి దిగాడు, ఒకసారి బోర్లా పడి లేచాడు, మళ్ళీ పోయాడు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. పిడికెడు పిట్ట పెద్దమనిషికి టోపీ పెట్టి ఊరి చివరిదాకా తిప్పింది.

"ఆయన మొదట్నుంచీ ఇంతేనా?" అడిగింది ఆఫీసరు.

"లేదండీ. రిటైరు కాకముందు ఆఫీసు టైములో మాకు కాస్త తెరిపి ఉండేది."

ఆవిడ నవ్వలేదు. పడవ నీడలోకి వెళ్ళి, సంచీలోంచి కాగితాలు తీసింది. మంచి మాటలే చెప్పింది. ఏ కుక్కో కాకో తినేసి ఉంటుంది, ఇలా జరుగుతూనే ఉంటుంది, వచ్చే ఏడు చూద్దాం అంది. వచ్చే ఏడు ఇక్కడ బళ్ళుంటాయని బామ్మర్దికి తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడ కలం మూత తీసి కాగితం మోకాలి మీద పెట్టుకుంది.

ఇసుకలో టోపీ కదిలింది.

గాలి లేదు. అయినా టోపీ అంచు ఒక పక్క కాస్త లేచింది, పడింది. బామ్మర్ది ఆఫీసరు మోచెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నందుకు భయపడ్డాడు, అయినా వదల్లేదు. ఆవిడ దుర్భిణి కళ్ళకి ఆనించింది. దూరంగా డేగకన్నుని వదిలించుకున్న తల్లి పిట్ట, రెండు రెక్కలతో నిక్షేపంగా ఎగిరొచ్చి టోపీ పక్కన వాలింది. అపాయం తప్పిందన్నట్టు మెత్తగా ఒక కూత కూసింది. టోపీ కిందనుంచి దూదిముద్దంత పిల్ల ఒకటి బయటికొచ్చింది. వెనకాల ఇంకోటి. మూడోది అంచు తగిలి బోర్లాపడి, లేచి, తల్లి పొట్ట కిందకి దూరిపోయింది. మనుషులు పడవ నీడకి తప్పుకోగానే, ఎండకి తాళలేక మూడూ దొరికిన నీడలోకి చేరాయి. అంతకుముందు మనుషులు అక్కడున్నంతసేపూ ఊపిరి బిగబట్టి పడున్నాయి. మనుషులు కదలగానే కేసు దానంతట అదే విడిపోయింది.

ఆఫీసరు చాలాసేపు దుర్భిణి దించలేదు. దించాక, రాయబోయిన కాగితం మడిచి లోపల పెట్టేసి, వేరే కాగితం తీసింది. బామ్మర్ది అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి డేగకన్ను తడిసి ముద్దై, ఒక బూటుతో తిరిగొచ్చాడు. సాక్షి తన చేతికి చిక్కేంత దగ్గరికి వచ్చి పారిపోయిందనీ, విరిగిన రెక్క మాత్రం తనంటే ఉన్న భయానికి అతుక్కుపోయిందనీ చెప్పాడు. విషయం విన్నాక రెండు క్షణాల్లో కోలుకున్నాడు.

"అందుకే కదా టోపీ అక్కడ వదిలాను. వల అంటే ఏమిటనుకున్నారు?"

తన టోపీ తనకి తెచ్చివ్వమన్నాడు. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఆ టోపీని ముట్టుకుంటే కేసు పెడతానంది ఆఫీసరు. బోడితలతో, ఎండలో, నీళ్ళోడుతూ ఇంటికి నడిచాడు. గుమ్మంలో అక్క ఒక్కసారి ఆ వాలకం చూసి, సంగతంతా తమ్ముడి నోట విని, "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని నన్ను కట్టబెట్టిన రోజే మా నాన్న అన్నాడు" అంటూ తువ్వాలు మొహాన విసిరింది.

మర్నాడు తిన్నె చుట్టూ తాడు కట్టారు. బోర్డు కూడా పాతారు. ఆఫీసరు దగ్గరుండి రాయించింది: 'కుక్కలు, బళ్ళు, డిటెక్టివులు లోపలికి రాకూడదు.'

డేగకన్ను ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఒరేయ్, ప్రభుత్వం నన్ను గుర్తించింది. ఫోటో తియ్యి."

బోర్డు పక్కన నిటారుగా నిలబడి గడ్డం ఎత్తాడు. బామ్మర్ది కెమెరా సర్దుకుంటుండగా, తాడు బయట బావగారి కాళ్ళ దగ్గర తల్లి పిట్ట వాలి, ఒక రెక్క ఈడ్చుకుంటూ దీనంగా కూసింది.

"ఉండరా, బాధితురాలు మళ్ళీ వచ్చింది" అని డేగకన్ను కోటు ఎగదోపుకున్నాడు.

బామ్మర్ది ఆపలేదు. ఆయన్ని ఎంతదూరం తీసుకెళ్ళి వదిలిపెట్టాలో ఆ పిట్టకి ఇప్పుడు బాగా తెలుసు.