సీటు వెచ్చగా ఉండవలెను

మానవజాతి ఇన్నాళ్లూ వెనకబడి ఉండటానికి కారణం ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చోవడమేనని మా ఆఫీసు కనిపెట్టింది. కనిపెట్టిన మర్నాడే బల్లల మీద పేర్లు పీకేసి, సగం కుర్చీలు అమ్మేశారు. (రోజూ సగం మంది ఇంటి నుంచే పనిచేస్తారు కాబట్టి సరిపోతాయని లెక్క. ఏ సగమో చెప్పడం మరిచిపోయారు.)

ఇకమీదట సీటు కావాలంటే ముందురోజు సాయంత్రం యాప్‌లో పట్టుకోవాలి. ఈ మహత్కార్యం నడపడానికి ఆసన సమన్వయాధికారి అని ఒకాయన్ని వేశారు. ఆయనకు మాత్రం సొంత గది, సొంత కుర్చీ ఉన్నాయి. సమన్వయం చేసే మనిషే చోటు వెతుక్కుంటూ తిరిగితే ఏం బాగుంటుంది?

ప్రతి కుర్చీ కింద ఒక సెన్సర్ పెట్టారు. వెచ్చదనం తగిలితే మనిషి వచ్చినట్టు, తగలకపోతే రానట్టు. హాజరు చాలనివాళ్ల కాంట్రాక్టు పొడిగించరు.

ఈ మాట విని లెక్కల విభాగం అక్కకు గుండెల్లో రాయి పడింది. ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. యాప్ తెరుచుకునే వేళకు ఆవిడ పాపకు అన్నం పెడుతూ ఉంటుంది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సీట్లన్నీ హుష్ కాకి. అయినా రోజూ వచ్చేది. మెట్ల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు మొత్తం జీతాలు అక్కడే తేల్చేది. మెట్లకు సెన్సర్ లేదు.

కిటికీ పక్క సీటు రోజూ సేల్స్ బావకే దొరికేది. (కనిపించిన ప్రతివాణ్ణీ బావా అంటాడు, అందుకని.) పొద్దున్నే వచ్చి, నడుంనొప్పికి వాడే వేడినీళ్ల సంచి కుర్చీలో పెట్టి ఇంటికెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి నీళ్లు మార్చేవాడు. కష్టపడే తత్వం. ఆ సంచి ఒక్కరోజూ నాగా పెట్టలేదు. ఉత్తమ హాజరు బహుమతి దానికే వచ్చింది.

అక్క సమన్వయాధికారి దగ్గరికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

"సార్, నేను రోజూ వస్తున్నానండీ."

ఆయన కంప్యూటర్ వైపు చూశారు. "ఒక్కరోజు కూడా రాలేదమ్మా."

"అదేంటి సార్! మీరు రోజూ ఆ మెట్లే ఎక్కుతారు. నన్ను పక్కకి జరగమంటారు కూడానూ."

"జరగమన్న మాట నిజమే. ఎవర్ని అన్నానో మాత్రం రికార్డులో లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది.

కాంట్రాక్టు ముగింపు ఉత్తర్వు తయారైంది. అయితే ఉత్తర్వులను ఉద్యోగి సీట్లో ఉండగానే చేతికివ్వాలని నిబంధన. అక్కకు సీటే లేదు కాబట్టి తీసెయ్యడానికి వీల్లేకపోయింది. వారాల తరబడి ఆవిడ మెట్ల మీద నిక్షేపంగా ఉద్యోగం చేసుకుంది. నేను లోలోపల ఎగిరి గంతేశాను.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "తమ్ముడూ, సీటొచ్చిందిరా! కిటికీ పక్కది! నేను పట్టుకోకుండానే యాప్ తనంతట తనే ఇచ్చేసింది. ఇవాళ్టి నుంచి నా హాజరు పడుతుంది!"

"అక్కా, కూర్చోకు" అనేలోపే పెట్టేసింది.

(వేడినీళ్ల సంచికి ఆ రోజు జీతంతో కూడిన సెలవు ఇచ్చారు.)

సమన్వయాధికారి గారు స్వయంగా వచ్చి, కుర్చీ వెచ్చబడేదాకా మర్యాదగా నిలబడి, ఉత్తర్వు అందజేశారు. అక్క తన సంచి సర్దుకుంటుండగా యాప్ పలకరించింది: ఈరోజు మీ సీటు ఎలా ఉంది, అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని.

అక్క అయిదూ ఇచ్చింది. సీటుకు వంక పెట్టడానికి ఏమీ లేదంది.